అతిథి కోసం కట్టిన ఇళ్ళు

అమెరికా శివారు పట్టణాలలో ఇల్లు కొనబోయే తెలుగువారికి "ట్యూడర్" అన్న మాట చాలాసార్లు మొదట ఎదురయ్యేది చరిత్ర పుస్తకంలో కాదు, ఇళ్ళ అమ్మకపు ప్రకటనలో. ఏటవాలు కప్పు, పొడుగాటి ఇటుక పొగగొట్టం, తెల్లని గోడ మీద ఏటవాలుగానూ నిలువుగానూ పరుగెత్తే నల్లని దూలాలు. 1920, 1930 దశకాలలో అక్కడ విరివిగా కట్టిన ఈ రకపు ఇళ్ళలో ఆ దూలాలు చాలావరకు ఏ బరువూ మోయవు. అవి గోడకు అతికించిన పలకలు మాత్రమే. అసలు ట్యూడర్ కాలంలో ఆ కలపే ఇంటికి అస్థిపంజరం. చెషైర్‌లోని లిటిల్ మోర్టన్ హాల్‌కు పై అంతస్తులో ఒక పొడవైన నడవాను తరువాత చేర్చారు. ఆ బరువుకు కింది దూలాలు వంగి, ఇల్లంతా ఒక పక్కకు తూలుతున్నట్టు కనిపిస్తుంది. అయినా నాలుగు వందల ఏళ్ళు దాటినా నిలిచే ఉంది.

అయితే అది ఒక సంపన్న భూస్వామి ఇల్లు. రాజాస్థానంలో మసలినవారి ఇళ్ళు ఇటుకవి, రాతివి, అద్దాలవి. వాటిని నిలబెట్టిన శక్తులలో ఆశ ఒకటి, భయం ఒకటి. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న మన సామెత హెచ్చరించేది ఖర్చు గురించి, ఓపిక గురించి. ట్యూడర్ వంశం ఏలిన 1485–1603 మధ్యకాలంలో ఇంగ్లండులో గొప్ప ఇల్లు కట్టినవాడికి ఇంకొక చిక్కు కూడా ఉండేది. ఇల్లు మరీ బాగా కుదిరితే అది దక్కకపోవచ్చు. ఒక్కొక్కసారి తలే దక్కకపోవచ్చు.

బకింగ్‌హామ్ డ్యూక్ ఎడ్వర్డ్ స్టాఫర్డ్ కథ ఇందుకు తొలి పాఠం. ఆయన నరాలలో రాజరక్తం ఉంది. ఇంగ్లండులోని పెద్ద భూస్వాములలో ఒకడు. గ్లాస్టర్‌షైర్‌లోని థార్న్‌బరీలో బురుజులున్న భవనానికి 1510లో రాజానుమతి పొంది పని మొదలుపెట్టాడు. లోపలి భాగంలో విశాలమైన కిటికీలు, చెక్కడపు పనితో మెలికలు తిరిగిన ఇటుక పొగగొట్టాలు. ముందు భాగంలో పెద్ద పరివారం బస చేయడానికి చాలినంత వసతి. వారసుడు లేక కలతపడుతున్న ఎనిమిదో హెన్రీకి అటువంటి మనిషి, అటువంటి ఇల్లు ఎలా కనిపించి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. 1521 మే నెలలో రాజద్రోహ నేరం మీద డ్యూక్ తల నరికించాడు. థార్న్‌బరీ రాజు వశమైంది. ఆగిపోయిన గోడలు ఆగిన చోటనే నేటికీ కనిపిస్తాయి. పద్నాలుగేళ్ళ తరువాత, 1535లో, హెన్రీ తన రెండో భార్య ఏన్ బొలీన్‌తో వచ్చి అదే ఇంట్లో కొన్నాళ్ళు విడిది చేశాడు.

రెండో పాఠం కార్డినల్ థామస్ వుల్జీది. ఇప్స్‌విచ్ పట్టణంలో మాంసం వ్యాపారి కొడుకుగా పుట్టి, ఇంగ్లండులో రాజు తరువాత రాజంతటివాడైన వుల్జీ 1514లో థేమ్స్ ఒడ్డున హాంప్టన్ కోర్టును కౌలుకు తీసుకున్నాడు. అక్కడ కట్టిన ఇటుక భవనంలో అతిథుల కోసమే వరుసలు వరుసలుగా గదులు ఏర్పరచాడు. ఇటలీ నుంచి వచ్చిన శిల్పి జొవాన్ని ద మయానో చేత రోమన్ చక్రవర్తుల ముఖాలను కాల్చిన మట్టిలో గుండ్రని ఫలకాలుగా చేయించి ద్వారాలకు పొదిగించాడు. 1520ల రెండో సగంలో రాజానుగ్రహం సన్నగిల్లుతున్న కొద్దీ ఆ భవనం రాజు చేతిలోకి జారిపోయింది. 1529లో పదవి పోయింది. మరుసటి ఏడు నవంబరులో, విచారణ కోసం లండన్‌కు తీసుకువెళ్తుండగా, దారిలో లెస్టర్ మఠంలో ఆయన మరణించాడు. లండన్‌లోని ఆయన మరొక భవనం యార్క్ ప్లేస్ కూడా రాజుదే అయింది. దానినే పెంచి వైట్‌హాల్ అన్నారు.

హాంప్టన్ కోర్టును చేజిక్కించుకున్న హెన్రీ దానికి కొత్త సభామందిరం చేర్చాడు. 1532లో పని మొదలైంది. నూరడుగులకు మించిన పొడవు, పైన చేతులు చాచినట్టు లోపలికి చొచ్చుకువచ్చే ఓక్ దూలాల కప్పు. ఆ చెక్కడాలలో హెన్రీ, ఏన్ పేర్ల తొలి అక్షరాలను పెనవేశారు. 1536 మే నెలలో ఏన్ తల తెగింది. ఆమె గుర్తులను చెరిపి కొత్త రాణి జేన్ సీమోర్ గుర్తులు పెట్టమన్న ఆజ్ఞ వడ్రంగులకు చేరింది. వాళ్ళు కొన్నింటిని వదిలేశారు. తొందర వల్లనో, ఎత్తుకు ఎక్కలేకనో, ఏ పేరూ లేని ఆ పనివాళ్ళ అలక్ష్యమే నేడు చదువరికి దొరికే అతి నిజాయితీ గల చారిత్రక పత్రం. జేన్ కూడా ఎక్కువ కాలం బతకలేదు. 1537 అక్టోబరు 12న ఇదే భవనంలో హెన్రీ ఎదురుచూసిన కొడుకును కని, పన్నెండో రోజున ప్రసవానంతర జబ్బుతో ఇక్కడే కన్నుమూసింది.

అక్కడి ఖగోళ గడియారం 1540 నాటిది. గంటలు, తేదీ, చంద్రకళలతో పాటు లండన్ వంతెన దగ్గర నదికి పోటు ఎప్పుడు వస్తుందో కూడా చూపుతుంది. రాజు పడవలో రాజధానికి వెళ్ళాలి కనుక ఆ సమాచారం అలంకారం కాదు, అవసరం. ఆ గడియారంలో సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాడు. కోపర్నికస్ గ్రంథం అచ్చు కావడానికి ఇంకా మూడేళ్ళు ఉంది.

ఇంత వైభవం వెనుక ఉన్న శరీర ధర్మాలను సందర్శకులు సాధారణంగా పట్టించుకోరు. కొలువు కొలువంతా అక్కడ ఉన్నప్పుడు వంటశాలలు దాదాపు 600 మందికి రోజుకు రెండు పూటలా వండి పెట్టేవి. పరివారం కోసం కట్టిన పెద్ద మరుగుదొడ్డిలో ఒకేసారి 28 మంది కూర్చోవచ్చు. కొన్ని వారాలు గడిచేసరికి గుంటలు నిండేవి, చుట్టుపక్కల ధాన్యం, వంటచెరకు తరిగేవి, గాలి చెడేది. అప్పుడు కొలువు మూటాముల్లె సర్దుకొని మరో భవనానికి కదిలేది. వెనుక శుభ్రం చేసేవాళ్ళు మిగిలేవాళ్ళు. హెన్రీ చనిపోయేనాటికి ఆయనకు యాభైకి పైగా ఇళ్ళు ఉండటానికి అహంకారం ఒక్కటే కారణం కాదు. అంటురోగం సోకిన వార్త వినగానే ఆయన ఇల్లు మార్చేవాడు. 1528లో చెమట జబ్బు ప్రబలినప్పుడు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పరుగులు తీశాడు.

ఇల్లు, ఆరోగ్యం – ఈ రెండింటినీ కలిపి ఆలోచించిన వైద్యుడొకడు ఆ కాలంలోనే ఉన్నాడు. ఆండ్రూ బోర్డ్ మొదట కఠిన నియమాల కార్తూసియన్ మఠంలో సన్యాసి. ఆ జీవితం పడక బయటికి వచ్చి వైద్యుడయ్యాడు. ఇల్లు ఎక్కడ, ఎలా కట్టుకోవాలో చెబుతూ ఆయన రాసిన పుస్తకాన్ని తెలుగు చదువరి తెరిస్తే వాస్తుగ్రంథం ఇంగ్లీషులో చదువుతున్నట్టు అనిపిస్తుంది. ముందు మంచినీరు, వంటచెరకు దొరికే చోటు చూసుకోవాలి. నిలవ నీరు దగ్గర ఉండరాదు. తూర్పుగాలి మేలు, దక్షిణపు గాలి చేటు. గుర్రపుశాల, కబేళా ఇంటికి దూరంగా ఉండాలి. చేతిలో ఉన్న డబ్బు చూసుకోకుండా పునాది తీయరాదు. సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ తెలియని రోజులలో, దుర్వాసనే రోగానికి మూలమన్న తప్పుడు సిద్ధాంతం నుంచి బయలుదేరి కూడా, మురుగును నీటికి దూరంగా ఉంచాలన్న సరైన చోటికి ఆయన చేరాడు. ఆ జ్ఞానం ఆయనకు అక్కరకు రాలేదు. 1549లో ఆయన పోయింది లండన్‌లోని ఫ్లీట్ చెరసాలలో.

ఇళ్ళు కట్టడానికి రాయి ఎక్కడిది అన్న ప్రశ్నకు జవాబు మరీ చేదుగా ఉంటుంది. 1536–1540 మధ్య హెన్రీ దేశంలోని మఠాలను, దాదాపు 800 ధార్మిక సంస్థలను మూయించాడు. కప్పుల మీది సీసాన్ని కరిగించి దిమ్మెలుగా పోశారు. గంటలను లోహం కోసం అమ్మారు. భూములు కొలువులోని వారి చేతికి వచ్చాయి. విల్ట్‌షైర్‌లోని లేకాక్ మఠాన్ని 1540లో కొన్న విలియం షారింగ్టన్ చర్చిని కూల్చాడు గానీ, సన్యాసినులు నడిచిన రాతి నడవాలను ఉంచి వాటి మీదనే తన ఇంటి గదులు లేపాడు. మూడు వందల ఏళ్ళకు, 1835లో, ఆ ఇంటి వారసుడు హెన్రీ ఫాక్స్ టాల్బట్ అక్కడి ఒక కిటికీని కాగితం మీద బంధించి ఫొటోగ్రఫీ చరిత్రలో నెగటివ్‌కు నాంది పలికాడు.

సరే అనే రాజు కంటికి మఠాలే కాదు, ఊళ్ళు కూడా ఆనలేదు. 1538లో సర్రీలో "సాటిలేనిది" అని అర్థం వచ్చే నాన్‌సచ్ అన్న భవనం తలపెట్టినప్పుడు, ఆ స్థలంలో ఉన్న కడింగ్టన్ గ్రామాన్ని చర్చితో సహా తొలగించారు. పునాదులలో మెర్టన్ మఠపు రాళ్ళు పేర్చారు. లోపలి గోడల నిండా దేవతల, చక్రవర్తుల గచ్చు బొమ్మలు. 24,000 పౌన్లకు పైగా ఖర్చయింది. 1547లో హెన్రీ చనిపోయేనాటికి పని పూర్తి కాలేదు. తరువాతి శతాబ్దంలో రెండో చార్లెస్ దానిని తన ప్రియురాలు బార్బరా విలియర్స్‌కు ఇచ్చాడు. 1680లలో ఆమె అప్పులు తీర్చుకోవడానికి కూలగొట్టించి సామగ్రి అమ్మేసింది. 1959లో పురావస్తు శాఖీయులు తవ్వినప్పుడు సాటిలేని రాజభవనం కింద ఆ చిన్న ఊరి చర్చి పునాదులు బయటపడ్డాయి.

హెన్రీ కూతురు ఎలిజబెత్ దీనికి పూర్తిగా భిన్నమైన దారి పట్టింది. నలభై నాలుగేళ్ళు ఏలినా ఆమె ఒక్క కొత్త రాజభవనం కట్టలేదు. వేసవి వచ్చిందంటే పరివారంతో ఊరేగింపుగా బయలుదేరి కొలువులోని ప్రముఖుల ఇళ్ళలో విడిది చేసేది. ఖర్చు గృహస్థుది, గౌరవం ఇద్దరిదీ. దాంతో ఆమె మీద ఆశ పెట్టుకున్న ప్రతివాడూ ఆమెకు సరిపోయే ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు. లెస్టర్ ఎర్ల్ రాబర్ట్ డడ్లీ కెనిల్‌వర్త్ కోటలో ఆమె కోసం ప్రత్యేకంగా ఒక భాగం నిర్మించాడు. 1575 వేసవిలో ఆమె అక్కడ 19 రోజులు ఉంది. నాటకాలు, బాణసంచా, వేట. డడ్లీ అప్పులతోనే పోయాడు.

మంత్రి విలియం సెసిల్ బర్లీలో ఒక భవనం, థియోబాల్డ్స్‌లో మరొకటి కట్టాడు. ఆమెకు ఇష్టుడైన క్రిస్టఫర్ హాటన్ థియోబాల్డ్స్‌ను నమూనాగా పెట్టుకొని నార్తాంప్టన్‌షైర్‌లో హోల్డెన్‌బీ అనే బ్రహ్మాండమైన ఇల్లు లేపాడు. 1579లో, హాటన్ ఇంట లేనప్పుడు, సెసిల్ వెళ్ళి దానిని చూశాడు. ప్రతి గదీ తిరిగి, మెట్లను మెచ్చుకొని, ఎవరి కోసం తామిద్దరూ సంచిలో ఉన్నదానికి మించి ఖర్చు పెట్టారో ఆ ఆమె తమకు చిరకాలం ఉండాలని కోరుతూ హాటన్‌కు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరంలో భక్తి ఎంతో, ఒకే బోనులో ఇరుక్కున్న ఇద్దరు మనుషుల సానుభూతి అంత. హోల్డెన్‌బీకి రాణి ఎన్నడూ రాలేదు. 1591లో హాటన్ పెళ్ళి లేకుండా, పెద్ద అప్పులతో, వాటిలో రాణికి చెల్లించవలసిన బాకీ కూడా మిగిల్చి చనిపోయాడు. అరవై ఏళ్ళు తిరిగేసరికి ఇల్లు దాదాపు అంతా కూల్చేశారు. 1583 అని చెక్కిన రెండు తోరణాలు మాత్రం ఇప్పుడు ఖాళీ పచ్చికలో నిలబడి ఉన్నాయి.

ఈ పోటీ నడుస్తున్న కాలంలోనే సామాన్యుల ఇళ్ళు కూడా మారుతున్నాయి. ఎసెక్స్‌లోని రాడ్వింటర్ గ్రామంలో మతాధికారిగా ఉన్న విలియం హారిసన్ 1577లో అచ్చయిన తన దేశవర్ణనలో, ఊళ్ళోని ముసలివాళ్ళు తమ జీవితకాలంలో వచ్చిన మార్పులు మూడింటిని చెప్పుకొని ఆశ్చర్యపోయేవారని నమోదు చేశాడు. ఎక్కడ చూసినా పొగగొట్టాలు. తలకింద కట్టె మొద్దుకు బదులు దిండు. చెక్క పళ్ళాలకు బదులు తగరపు పళ్ళాలు. పొగగొట్టం చిన్న విషయం కాదు. నడిమధ్య నెగడు వేసి పొగను కప్పులోంచి వదిలినంత కాలం ఇల్లంటే ఒకే పెద్ద గది. యజమాని, పనివాడు, కుక్క అంతా ఆ చలిమంట చుట్టూనే. పొగ గోడలోకి దారి పట్టాక ఆ గది మీద ఇంకో అంతస్తు వేయవచ్చు, గదికో మంట పెట్టవచ్చు, తలుపు వేసుకోవచ్చు. ఇంగ్లీషు గ్రామీణ భవనాల జీవితం మీద మార్క్ జిరూవార్డ్ రాసిన పుస్తకం చదివినవారికి ఇందులోని మెలిక అర్థమవుతుంది. యజమాని పై అంతస్తుకు వెళ్ళిన ప్రతి మెట్టూ, తన మనుషులతో కలిసి తినే అలవాటు నుంచి ఒక మెట్టు దూరం జరగడమే.

అద్దం ఇంకా అపురూపమైన వస్తువు. ఇంటి యజమాని ఊళ్ళో లేనప్పుడు గాలికి పగిలిపోతాయని కిటికీల అద్దాలను విప్పి దాచమని 1567లో ఆల్నిక్ కోటను పరిశీలించిన అధికారి సలహా ఇచ్చాడు. అటువంటి రోజులలో గోడనంతా అద్దంతో నింపడం అంటే, బంగారం తాపడం చేయించడం కన్నా దూరానికి కనిపించే ఆడంబరం. ఎండకూ చలికీ తప్పించుకునే చోటు లేకుండా అద్దాలతో నింపిన ఇళ్ళను ఫ్రాన్సిస్ బేకన్ తరువాత తన వ్యాసంలో తప్పు పట్టాడు.

ఆ ఆడంబరాన్ని అందరికంటె బాగా చేసి చూపింది ఒక స్త్రీ. డార్బీషైర్‌లో అంతంత మాత్రపు భూమి ఉన్న కుటుంబంలో పుట్టిన బెస్ నాలుగు పెళ్ళిళ్ళు చేసుకుంది. ప్రతి వైధవ్యం తరువాతా ఆస్తి పెరిగింది. నాలుగో భర్త ష్రూస్‌బరీ ఎర్ల్‌తో పొసగలేదు. స్కాట్లండు రాణి మేరీని పదిహేనేళ్ళు తన ఇళ్ళలో బందీగా ఉంచుకోవలసి వచ్చిన బరువు కూడా ఆ సంసారం మీద పడింది. 1590లో ఆయన పోయాడు. అప్పటికే అరవై దాటిన బెస్, పుట్టిన ఊరిలో అంతకుముందే ఆరంభించిన ఇల్లు ఇంకా సాగుతుండగానే, దాని పక్కనే హార్డ్‌విక్ కొత్త భవనానికి పునాది తీయించింది. రూపకల్పన రాబర్ట్ స్మిత్‌సన్‌దని చరిత్రకారులు భావిస్తారు. రాతి పనివాడిగా మొదలై, లాంగ్‌లీట్‌లో చేయి తిరిగి, బొగ్గు గనుల సంపన్నుడు ఫ్రాన్సిస్ విలోబీకి వొలాటన్ భవనాన్ని కట్టి పెట్టిన మనిషి ఆయన. విలోబీ కూడా అప్పులలోనే పోయాడు. బెస్ అలా కాదు. పద్దు పుస్తకాలను స్వయంగా చూసి సంతకం చేసేది. 1597 అక్టోబరులో కొత్త ఇంట్లో అడుగుపెట్టేనాటికి ఆమె సంపద చెక్కుచెదరలేదు.

హార్డ్‌విక్‌లో అంతస్తు పెరిగే కొద్దీ కప్పు ఎత్తు పెరుగుతుంది, కిటికీ పెరుగుతుంది. కింద పనివాళ్ళు, నడుమ కుటుంబం, పైన రాచమర్యాదలకు తగిన గదులు. బయటి సౌష్ఠవం కోసం కొన్ని కిటికీల వెనుక గది లేకుండా పొగగొట్టమే ఉంది. ఆరు బురుజుల తలల మీద ఆమె పేరు తొలి అక్షరాలు ఆకాశంలోకి రాతిలో చెక్కి ఉన్నాయి. పై అంతస్తులోని పెద్ద గది గోడ చుట్టూ వనదేవత డయానా కొలువును గచ్చులో మలచి రంగులద్దారు. కన్యారాణి ఎలిజబెత్‌కు అది నేరుగా చేసిన నమస్కారం. ఆ రాణి ఇక్కడికీ రాలేదు. బెస్ పెట్టుకున్న ఇంకో ఆశ, రాజవంశపు రక్తం ఉన్న మనుమరాలు ఆర్బెల్లా సింహాసనం ఎక్కడం. అదీ జరగలేదు. ఆ పిల్లకు ఈ అద్దాల మేడ చెరసాలగా తోచి, 1603 తొలినాళ్ళలో తప్పించుకు పోవాలని చూసింది. అదే ఏడు మార్చిలో, తాత ఏడో హెన్రీ కట్టించిన రిచ్‌మండ్ భవనంలో ఎలిజబెత్ కన్నుమూసింది. ట్యూడర్ వంశం ముగిసింది. ఆ రిచ్‌మండ్‌లో కూడా ద్వారం, కొన్ని గోడలు తప్ప పెద్దగా ఏమీ మిగలలేదు.

హార్డ్‌విక్ మాత్రం మిగిలింది. వారసులు చాట్స్‌వర్త్‌లో ఉండటానికి ఇష్టపడి దీనిని మార్చకుండా వదిలేశారు. వారసత్వపు పన్ను కింద 1956లో ప్రభుత్వానికి అప్పగించగా, 1959లో నేషనల్ ట్రస్టు చేతికి వచ్చింది. లోపలి తెరలలో కొన్ని, మఠాలు మూసినప్పుడు చేజిక్కిన పూజారుల పట్టు వస్త్రాలను కత్తిరించి అతికి చేసినవి. పొడవైన నడవాలో వేలాడే గిడియన్ కథ తివాచీలు పదమూడు. అవి హాటన్ హోల్డెన్‌బీ కోసం 1578లో నేయించినవి. 1592లో ఆయన వారసుడి దగ్గర బెస్ దాదాపు 326 పౌన్లకు కొంది. వాటి మీది హాటన్ కులచిహ్నాన్ని మార్చుకోవడానికి అయ్యే ఖర్చు కింద 5 పౌన్లు తగ్గించమని బేరమాడి తగ్గించుకుంది. ఆ పైన తన చిహ్నాన్ని గుడ్డ మీద వేయించి అతికించింది. హాటన్ గుర్తు కొమ్ములు లేని ఆడ లేడి. దానికి కొమ్ములు చిత్రించి తన వాళ్ళ మగ దుప్పిగా మార్పించింది.

ఆ పదమూడు తివాచీలనూ ఒక్కొక్కటిగా దించి, కడిగి, దారం దారం కుట్టి తిరిగి వేలాడదీయడానికి 24 ఏళ్ళు పట్టింది. 2023లో పని ముగిసింది. వారాంతంలో పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళే తెలుగు కుటుంబాలు కూడా ఇప్పుడు ఆ నడవాలో వాటి ముందు నిలబడవచ్చు. నడవా చివరిదాకా వెళ్ళి చూస్తే, రాణి రాని ఒక ఇంటి నుంచి రాణి రాని మరొక ఇంటికి తరలివచ్చిన ఆ నేత, కొమ్ములు మొలిచిన ఆ లేడి, రెండూ కనిపిస్తాయి.